ఇరవై ఒక్క రోజుల మర్యాద

నాకు కోపం వస్తే అరవను. మర్యాద ఎక్కువవుతుంది. మామూలు రోజుల్లో మా ఆయన్ని "ఒరేయ్ అన్వేష్" అనీ, "దున్నపోతా" అనీ నోటికొచ్చినట్టు పిలుస్తాను. కోపం వస్తే "మీరు" అంటాను. వేళకి టీ, వేళకి బాక్సు, ఇస్త్రీ చేసిన చొక్కా మంచం మీద, అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు. "ఏమైంది?" అంటే "ఏం లేదండి". ఇంత చేశాక కూడా ఎదుటి మనిషికి మనం మండిపోతున్నామని తెలియలేదంటే, ఆ మనిషి మనిషా, మొద్దా? పోయిన ఆషాఢం దాకా ఈ ప్రశ్నకి జవాబు నాకు బాగా తెలుసనుకున్నాను.

ఇది నేను పుట్టింట్లో నేర్చుకున్న విద్య. మా నాన్న బుల్లిబాబుగారు అమలాపురం నుంచి ఉద్యోగం మీద వచ్చి, నాగారంలో ఇల్లు కట్టుకుని, పోస్టాఫీసులో రిటైరయ్యారు. మా ఇంట్లో గొంతు లేచిన రోజు నాకు గుర్తులేదు. మా అమ్మ లలితకుమారి పెరుగు వడ్డించకుండా గిన్నె నాన్న పక్కన పెట్టి "కావాలంటే వేసుకోండి" అందంటే, ఇక ఆ వారమంతా నేను టీవీ సౌండు పెంచేదాన్ని కాదు. నాన్నకి కోపం వస్తే తన కంచం తనే కడుక్కునేవారు. అంతకు మించి ఏమీ జరిగేది కాదు. కాలనీలో ఆడవాళ్ళు నన్ను ఆపి మరీ చెప్పేవారు, "మీ అమ్మానాన్నల్ని చూసి నేర్చుకోవాలమ్మా, ఇన్నేళ్ళల్లో ఆ ఇంట్లోంచి ఒక్క మాట బయటికి వినలేదు" అని. నాకూ గర్వంగానే ఉండేది.

అన్వేష్ వాళ్ళది శామీర్‌పేట. ఒకప్పుడు పొలాలు, ఇప్పుడు ప్లాట్లు. మా మామయ్య జనార్ధన్ ఒకసారి సర్పంచిగా కూడా చేశాడు. చుట్టుపక్కల ఎవరింట్లో గొడవైనా మధ్యలో కూర్చునేది ఆయనే. నేనూ అన్వేషూ కండ్లకోయలో ఇంజనీరింగ్ ఒకే కాలేజీలో చదివాం. ఇప్పుడు నేను అక్కడే లెక్చరర్ని, అతను వాళ్ళ నాన్న ప్లాట్ల వ్యాపారం చూసుకుంటాడు. వాళ్ళ ఇంట్లో వారం రోజుల అరుపులూ, మా ఇంట్లో నెల రోజుల మౌనమూ అయ్యాక పెళ్ళి జరిగింది. గుండ్లపోచంపల్లిలో ఫ్లాటు అద్దెకి తీసుకుని మూడేళ్ళయింది.

పెళ్ళయిన వారానికి అత్తారింట్లో జరిగింది చెప్పాలి. బోరు మోటరు ఆపకుండా ఎవరు వదిలేశారన్నదాని మీద మా అత్తమ్మ పద్మమ్మకీ మామయ్యకీ లొల్లి మొదలైంది. బాబోయ్, అవేం అరుపులు! ఆయన తిట్టుకుంటూ ఆవిడ తాతల దాకా వెళ్ళాడు. ఆవిడ చెంబు తీసి వాకిట్లోకి విసిరింది. ఇక ఈ ఇల్లు ముక్కలైపోయినట్టేననుకుని, నేను మేడ మీద బట్టలు సర్దుకున్నాను. పావుగంటకి చప్పుడు ఆగింది. ఎవరికేమైందోనని తొంగిచూస్తే, ఇద్దరూ గడప మీద కూర్చుని జామకాయలు తింటున్నారు. ఆయన కోస్తున్నాడు, ఆవిడ ఉప్పూ కారం అద్దుతోంది.

"ఏమైంది అత్తమ్మా?" అన్నాను భయంభయంగా.

"ఎప్పుడు బిడ్డా? ఏమైంది?" అందావిడ. నిజంగానే ఆవిడకి గుర్తులేదు! నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

మా ఇద్దరి మధ్య కూడా అంతే. అన్వేష్ అరుస్తాడు, నేను "మీరు" మొదలుపెడతాను. రెండో రోజుకో మూడో రోజుకో అతనే దారికొచ్చి, మేడ్చల్ నుంచి బిర్యానీ తెచ్చి, ఏదో వెకిలి జోకు వేసి నన్ను నవ్విస్తాడు. అసలు గొడవ ఏమిటో ఇద్దరం మాట్లాడుకోం. అలాగే మూడేళ్ళు గడిచాయి. గడిచాయంటే బాగానే గడిచాయని నా ఉద్దేశం.

పోయిన ఆషాఢంలో ఒక ఆదివారం శామీర్‌పేటలో బోనాలు. ఇంటినిండా చుట్టాలు. భోజనాల దగ్గర మా మామయ్య ముప్పై మంది ముందు, "ఇగ కిరాయి ఫ్లాట్ల ఉండుడెందుకురా? శ్రావణంల మీరిద్దరు గీడికే వచ్చెయ్యుండ్రి. మీద మేడ ఖాళీగనే ఉన్నది" అన్నాడు. మా ఆయన, మటన్ ముక్క నములుతూ, "సరే నాయినా" అన్నాడు. అంతే! నా వైపు చూడను కూడా చూడలేదు. నా ఉద్యోగం, నా ఇల్లు, నా బతుకు ఒక మటన్ ముక్కతో పాటు నమిలి మింగేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తమ్మ అడిగితే ఇంకాస్త పులుసు వడ్డించాను.

ఆ రోజు నుంచి "మీరు" మొదలైంది.

మూడో రోజు గడిచింది. బిర్యానీ రాలేదు. నాలుగో రోజు కాలేజీలో ఉండగా మా అత్తమ్మ ఫోను.

"బిడ్డా, వాడు ఫోన్ల జెప్పిండు. 'అమ్మా, ధరణి నన్ను మీరు అంటాంది, బాక్సు కట్టి చేతికిస్తాంది' అని మస్తు ఖుషీగున్నడు. మొగనికి మర్యాద ఇస్తున్నవంట. నాకు ఎంత సంబురమైందో తెలుసా!"

నేను స్టాఫ్‌రూంలో కుర్చీలో కూలబడ్డాను. ఈ మనుషుల్ని ఏం చెయ్యాలి? నేను యుద్ధం చేస్తుంటే వీళ్ళు పండగ చేసుకుంటున్నారు. "థాంక్స్ అత్తమ్మా" అని పెట్టేశాను. అప్పుడైనా నోరు విప్పి చెప్పి ఉంటే పోయేది. ఎందుకు చెప్పాలి అనుకున్నాను. చెప్పించుకుని తెలుసుకునేదానికి ఇక మొగుడెందుకు?

వారం దాటాక అన్వేష్‌కి అనుమానం వచ్చింది. "ఏందే, మంచిగనే ఉన్నవా?" అన్నాడు. "బాగానే ఉన్నానండి" అన్నాను. పదో రోజు అరిచాడు. "ఏమైందో జెప్పరాదే! నా తలకాయ పగుల్తాంది! తిట్టు, కొట్టు, ఏదన్న జెయ్యి!" అని రిమోట్ సోఫాలోకి విసిరాడు. నేను రిమోట్ తీసి టీవీ పక్కన పెట్టి, "టీ పెట్టమంటారా?" అన్నాను. అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. బెదిరిపోయాడు.

పధ్నాలుగో రోజు నుంచి అతనూ మాట్లాడటం మానేశాడు. ఇది నేను అనుకోలేదు. మౌనం నా సొంతం అనుకున్నాను. అతని దగ్గర కూడా ఉంటుందని ఊహించలేదు. ఇంట్లోకి వస్తాడు, తింటాడు, పోతాడు. నా బాక్సు తీసుకోకుండా వెళ్ళిపోతాడు. వారం క్రితం వరకూ నేనే గెలుస్తున్నాననుకున్నాను. ఇప్పుడు ఎవరు గెలుస్తున్నారో, అసలు ఆట ఏమిటో అర్థం కాలేదు. అతన్ని పోగొట్టుకుంటానేమోనన్న భయం మొదటిసారి అప్పుడు పట్టుకుంది. అయినా నోరు రాలేదు.

మూడో గురువారం మళ్ళీ అత్తమ్మ ఫోను. ఈసారి గొంతులో సంబురం లేదు. "బిడ్డా, వాడు వచ్చి అంత జెప్పి ఏడ్సిండు. ఆదివారం పెద్దమనుషుల పెట్టి కూసుందం. మీ అమ్మనాయినలను తోల్కరా. యాటను జెప్పిన, అందరికి వంట ఈడనే."

పెద్దమనుషులా? నాకూ మా ఆయనకీ మధ్య? దానికి యాటపోతు ఎందుకు? నా సంసారం తెంచి, దాని మీద మటన్ తింటారా వీళ్ళు?

మా అమ్మకి చెబితే, "పెద్దల్లో పెట్టారంటే ఇంకేముందే ధరణీ!" అంది. మా వైపు అంతే మరి. ఇంటి సంగతి ఇంట్లోనే చచ్చిపోవాలి. నలుగురి ముందుకి వచ్చిందంటే అది అయిపోయినట్టే, మిగిలినవి సంతకాలు. మా పిన్ని కూతురు పూజ విషయంలో పెద్దలు కూర్చున్నది ఒక్క పూట. మర్నాడు దాని మంచం, బీరువా తిరిగి ఇంటికొచ్చేశాయి.

నాన్న ఏమన్నారని అడిగాను. "ఏమీ అనలేదు. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు" అంది అమ్మ.

శనివారం సాయంత్రం అన్వేష్ ఎదురుగా కూర్చున్నాడు. "నన్ను వదిలేద్దామనుకుంటున్నావా?" అన్న మాట మూడుసార్లు గొంతు దాకా వచ్చింది. చివరికి నేను అడిగింది, "రేపు టిఫిను ఇక్కడ తింటారా, అక్కడ తింటారా?"

"ఆడ్నే" అన్నాడు.

మా పెళ్ళి గురించి మేం చేసుకున్న చర్చ అది.

ఆదివారం అన్వేష్ పొద్దున్నే వెళ్ళిపోయాడు. పదింటికి అమ్మానాన్న నా కోసం గుండ్లపోచంపల్లి వచ్చారు. వాళ్ళ కారు వెనకాల ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఖాళీది, మోకులు మాత్రం ఉన్నాయి.

"ఇదెందుకు నాన్నా?"

"తిరిగొచ్చేప్పుడు నీ సామాను వేసుకోవాలిగా" అన్నారు నాన్న, నా మొహం చూడకుండా. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. శామీర్‌పేట దాకా కారులో ముగ్గురం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇంటి ముందు టెంటు వేశారు! ప్లాస్టిక్ కుర్చీలు, పెద్ద గిన్నెల్లో వంట, ఉల్లిపాయలు తరిగేవాళ్ళు. మా అత్తమ్మ పరుగెత్తుకొచ్చి అమ్మని వాటేసుకుంది. తర్వాత ట్రాలీ ఆటో వైపు చూసి మొహం వెలిగించుకుంది.

"అయ్యో వదినా, సారె గిట్ల తెచ్చినరా ఏంది? గిప్పుడెందుకు గివన్ని?" అని వెళ్ళి తొంగిచూసింది. ఆటోలో మోకులు తప్ప ఏమీ లేవు. అత్తమ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ మోకుల వైపు చూసింది. నాకు చచ్చినంత సిగ్గేసింది, ఎందుకో మాత్రం తెలియలేదు.

తన ఇంటి పంచాయితీకి తను పెద్దమనిషి కాకూడదట. అందుకని మా మామయ్య లింగస్వామిగారిని పిలిపించాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఆయన ముందు స్టూలు మీద ఒక గిన్నెలో చింతగింజలు. ఎవరు ఒక బాధ చెప్పుకున్నా ఒక గింజ తీసి పక్కన పెడతారట; ఆ గింజకి జవాబు వచ్చేదాకా ఎవరూ లేవకూడదట. చెప్పేవాళ్ళని మధ్యలో ఆపకూడదట.

"ఫిర్యాది వాడు. ముందుగాల వాడే జెప్పాలె. జెప్పురా" అన్నారు లింగస్వామిగారు.

అన్వేష్ నిలబడ్డాడు. ప్లాట్ల దగ్గర యాభై మందిని అదిలించే మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టాడు, తీశాడు.

"పెద్దనాయినా, ఆమె నాతోని లొల్లి పెట్టుకుంటలేదు" అన్నాడు.

ఒక చింతగింజ పక్కకి వచ్చింది. నాకు సరిగ్గా వినబడిందా అనిపించింది. ఇది ఫిర్యాదా?

"నేను ఒర్రితే సప్పుడు జెయ్యదు. రిమోట్ ఇసిరేస్తే ఏరి పెడ్తది. చాయ్ తాగుతరా అంటది. ఇంటికి పోతే లాడ్జిల దిగినట్టుంటాంది నాకు. మొదాల మర్యాద అనుకున్న, ఖుషీ అయిన, అమ్మకు గుడ జెప్పుకున్న. మర్యాద గాదది. నేనంటే ఇష్టం పోయింది ఆమెకు. గాయింత ముచ్చట నోటితోని జెప్తె నేనే పక్కకు జరుగుత. ఇట్ల సంపుడెందుకు?"

అని కూర్చున్నాడు. లింగస్వామిగారి పక్కన ఏడు గింజలు. మా మామయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. ఏడుస్తున్నాడు! ఇష్టం పోవడమేమిటి? ఇష్టం లేకపోతే అన్ని రోజులు అంత కష్టపడి కోపంగా ఎందుకుంటాను? ఈ మాట లోకంలో ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఉంటుందని నాకు తోచలేదు.

"ఇగ నువ్వు జెప్పు బిడ్డా" అన్నారు లింగస్వామిగారు.

లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. మాట లేదు. చుట్టూ ఇరవై కళ్ళు, వంటవాళ్ళు కూడా గరిటెలు ఆపి చూస్తున్నారు.

అప్పుడు నాన్న లేచారు. చొక్కా సర్దుకుని, రెండు చేతులూ జోడించారు.

"బావగారూ, మాటలు పెంచుకోవడం మాకు అలవాటు లేదండి. మీరు పిలిచారు, మేం వచ్చాం. అమ్మాయిని తీసుకెళ్ళిపోతాం. సామానుకి బండి కూడా తెచ్చుకున్నాం. మిమ్మల్ని ఇబ్బంది పెట్టం."

మా మామయ్య కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు.

"ఏందీ? తీస్కపోతవా? ఏం మాట్లాడుతున్నవ్ బావా? తెంపుతందుకు వచ్చినవా నువ్వు?"

"గందుకా ఆ బండి!" అత్తమ్మ గుండెలు బాదుకుంది. "కలుపుతందుకు కూసున్నం వదినా! తెంపుతందుకు ఎవలన్న యాటను గోస్తరా?"

"ఆగండాగండి. అత్తమ్మా, మీరు నన్ను పంపించేయడానికి కాదా పిలిచింది?"

"నీకేమన్న పిచ్చా బిడ్డా? మనింట్ల ఎవలకు గొడవైనా గిట్లనే కూసుంటం. నేను నాలుగుసార్లు కూసున్న మీ మామ మీద!"

అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్ళ వైపు అనుకుంటున్నది మేం తెంచుకోవడానికి వచ్చామని. మేం అనుకున్నది వాళ్ళు తెంచడానికి పిలిచారని. నాన్న చేతులు జోడించే ఉన్నారు, దించడం మర్చిపోయారు. లింగస్వామిగారు స్టూలు మీద అరచేత్తో గట్టిగా చరిచారు.

"సప్పుడు బంద్! బిడ్డా, పోతనంటే నిన్నెవ్వలు ఆపరు. ఉంటనంటే ఎవ్వలు ఎల్లగొట్టరు. గని నీ ముచ్చట మీ నాయిన జెప్తె సెల్లదు. నీ నోటితోని రావాలె. నువ్వు ఊకనే నిలవడితె, పోతున్నవనే అనుకుంటం."

నాన్న నా మోచెయ్యి పట్టుకున్నారు, మెల్లగా, మర్యాదగా. కారు వైపు ఒక అడుగు కూడా వేశాను. నిజం చెబుతున్నాను, వేశాను. నోరు విప్పడం కన్నా వెళ్ళిపోవడమే సులువుగా అనిపించింది. అన్వేష్ తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ దించేసుకున్నాడు. వెళ్ళనిస్తున్నాడు! ఈ దున్నపోతు నన్ను నిజంగానే వెళ్ళనిస్తున్నాడు!

"ఒరేయ్!" అన్నాను.

ఆ గొంతు ఎవరిదో అనుకున్నాను ముందు.

"ఒరేయ్ అన్వేష్! నన్నడక్కుండా ఎందుకు ఒప్పుకున్నావురా? ముప్పై మంది ముందు, మటన్ ముక్క నములుతూ, సరే నాయినా అంటావా? నేను మనిషినా, నీ ఇంట్లో సామానునా? ఎక్కడ పెడితే అక్కడ ఉండటానికి? నా కాలేజీ ఎక్కడ, ఈ శామీర్‌పేట ఎక్కడ? ఇరవై ఒక్క రోజుల్నుంచి నీకు బాక్సులు కడుతున్నాను, ఒక్క రోజైనా ఎందుకని అడిగావా?"

"రోజు అడిగిన గదనే!" అని అతనూ లేచాడు. "ఏం ఒప్పుకున్న నేను?"

"ఈ మేడ మీదికి వచ్చేస్తామని!"

అన్వేష్ మొహం చూడాలి. మా మామయ్య మొహం కూడా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"గదా?" అన్నాడు మామయ్య. "గది తెల్లారే అయిపాయె గదనే! సోమారం పొద్దుగాలనే వచ్చి, ఆమెను అడగకుంట సరే అన్న, తప్పయింది, మేం రాము అని నా మీద ఒర్రిండు. నేను గుడ ఒర్రిన. మీ అత్తమ్మ నడుమల పడ్డది. ఊరంత ఇన్నది. మేడ కిరాయికిచ్చి పది దినాలాయె. గా బడిల జెప్పే ప్రణయ్ సారు లేడూ, గాయనకు."

నేను తలెత్తి చూశాను. మేడ మీద ఎవరివో పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. వచ్చినప్పటి నుంచీ అవి అక్కడే ఉన్నాయి.

"మరి నాకెందుకు చెప్పలేదు?" నా గొంతు మళ్ళీ చిన్నదైపోయింది.

"నీకు ఎర్కనే అనుకున్న. అమ్మతోని నువ్వు ఫోన్ల మాట్లాడినవంటే అమ్మ జెప్పిందనుకున్న. నువ్వేమో మీరు మీరు అంటివి, నవ్వుకుంట బాక్సు ఇస్తివి. గా ముచ్చట తెల్సి ఖుషీ అయిందనుకున్న నేను."

"నేనేమో వాడు జెప్పిండనుకున్న" అంది అత్తమ్మ.

టెంటు కింద పెద్ద నవ్వు లేచింది. వంటవాళ్ళు కూడా నవ్వారు. లింగస్వామిగారు ఏడు గింజల్నీ గిన్నెలోకి ఊడ్చేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రెండో రోజు పొద్దున్నకే లేకుండా పోయిన గొడవ. మిగతా రోజులన్నీ నేను దేని మీద కోపంగా ఉన్నాను? లేని దాని మీద అంత శ్రద్ధగా, అంత నీటుగా, ఇంటిని కూల్చే దాకా వచ్చాను. ఇంకో నాలుగు అడుగులు వేసుంటే కారు ఎక్కేసేదాన్ని.

"ఇప్పుడు జెప్పు బిడ్డా, ఉంటవా, పోతవా?"

"ఉంటాను" అన్నాను. అన్వేష్ వైపు తిరిగి, "కానీ నాకు ఇంకా కోపంగానే ఉంది" అన్నాను.

"ఇగ దేనికే?"

"నాకూ తెలీదు!" అని ఏడ్చేశాను.

"తెల్వకుంటె తెల్వదనే ఒర్రు. గది జాలు" అన్నాడు. అతని కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. సంతోషంగా ఉందా అని ఎవరైనా ఆ నిమిషంలో అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. ఇరవై ఒక్క రోజుల తర్వాత ఊపిరి మాత్రం పూర్తిగా లోపలికి వెళ్ళింది.

విస్తళ్ళు పరుస్తున్నారు. నాన్న ట్రాలీ ఆటోని పంపించేసి వచ్చి, అమ్మతో, "తినేసి బయల్దేరదాం, లే" అన్నారు.

అమ్మ లేవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, లింగస్వామిగారి ముందున్న స్టూలు వైపే చూస్తోంది.

"అన్నయ్యగారూ, ఎలాగూ అందరూ ఉన్నారు కదా. మాది కూడా ఓసారి వింటారా?" అంది.

హాస్యమనుకుని ఒకరిద్దరు నవ్వారు. అమ్మ నవ్వలేదు. నవ్వులు ఆగిపోయాయి.

"ఏం మాటలవి లలితా? లే" అన్నారు నాన్న, నెమ్మదిగా.

"మీరు కూర్చోండి" అంది అమ్మ. నాన్న ఏమనుకున్నారో, కూర్చున్నారు.

లింగస్వామిగారు తువ్వాలు సర్దుకున్నారు. "నీ దిక్కు ఎవలు మాట్లాడుతరు చెల్లే?"

"మా అమ్మాయి" అంది అమ్మ.

అందరూ నా వైపు తిరిగారు. నేను ఏం చెప్పను? ఇరవై ఆరేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. ఆమె వండిన కూరలన్నీ చెప్పగలను, ఆమె బాధ ఒక్కటి చెప్పలేను.

"నాకేమీ తెలీదమ్మా. నువ్వే చెప్పు" అన్నాను.

అమ్మ కాసేపు చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. తర్వాత, రోజూ పాలవాడితో మాట్లాడే గొంతుతోనే, "మా పెళ్ళయిన నాలుగో ఏడు ఈయన నాతో ఏడు నెలలు మాట్లాడలేదండి. అప్పుడు ఇది నా కడుపులో ఉంది. నేనేం తప్పు చేశానో అని ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఎందుకు మాట్లాడలేదో ఆయన్ని చెప్పమనండి, చాలు" అంది.

నాన్న అమ్మ వైపు చూశారు. నుదురు రుద్దుకున్నారు. నిజంగానే వెతుక్కుంటున్నారని నాకు అర్థమైంది. వంటాయన అన్నం గిన్నె తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు.

"గుర్తులేదు లలితా" అన్నారు నాన్న.